చీమల పెట్టెలు నాలుగు రకాలు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

రాణి లేని పెట్టెలో చీమలు తవ్వుతాయి, తిరుగుతాయి, కొన్ని వారాలకో నెలలకో ఒక్కొక్కటే రాలిపోతాయి. అంతకుమించి అందులో చూడ్డానికేమీ ఉండదు. ఆన్‌లైన్‌లో ‘యాంట్ ఫార్మ్’ అని వెతగ్గానే ముందు వరసలో కనిపించే నీలి రంగు జెల్ డబ్బా గురించి మొదటే చెప్పాల్సిన మాట ఇది. పిల్లల పుట్టినరోజు కానుకకి, స్కూల్ సైన్స్ ఎగ్జిబిషన్‌కి, డిగ్రీ జువాలజీ ప్రాజెక్టుకి చాలామంది దాన్నే తెప్పించుకుంటున్నారు. పెట్టె మీద బొమ్మ బాగుంటుంది. కానీ శాస్త్రవేత్తలు చీమల్ని ఎందుకు పెంచుతారో తెలిసినవాళ్లకి ఆ డబ్బాలో లేనిదేమిటో చూడగానే తెలిసిపోతుంది.

చీమల గూడంటే ఒక ఉమ్మడి కుటుంబం. గుడ్లు పెట్టే తల్లి, అంటే రాణి, ఒకటి; కొన్ని జాతుల్లో అంతకంటే ఎక్కువ. బయట మనకి కనిపించే పని చీమలన్నీ ఆమె కూతుళ్లే. సొంత సంతానం మానుకుని చెల్లెళ్లని ఎందుకు పెంచుతున్నాయన్న ప్రశ్న డార్విన్‌నే ఇబ్బంది పెట్టింది. 1964లో జీవశాస్త్రవేత్త విలియం హామిల్టన్ బంధుత్వపు లెక్కతో దానికి జవాబు చెప్పాడు. ఇలాంటి ప్రశ్నలకి చీమ ఎందుకంత పనికొస్తుందంటే, ఒక సమాజం మొత్తం చెప్పుల అట్టపెట్టెలో పడుతుంది కాబట్టి. ఏనుగుల మందలోంచి సగం పెద్దల్ని తీసేసి ఏమవుతుందో చూస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. చీమల గూట్లో ఆ పని ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. గూటిని రెండుగా విడగొట్టొచ్చు, రాణిని పక్కకి పెట్టొచ్చు, ముసలి చీమల్ని తీసేసి వయసు చీమల్నే ఉంచి పనులు ఎలా పంచుకుంటాయో లెక్కపెట్టొచ్చు.

2010లో మొట్టమొదట జన్యుక్రమం వెలువడ్డ రెండు చీమల్లో ఒకటి మన దక్షిణ భారతంలో ఉండే గెంతే చీమ, హార్పెగ్నాథస్ సాల్టేటర్. రెండోది ఫ్లోరిడా గండుచీమ. గెంతే చీమల గూట్లో రాణి పోతే పని చీమలే మీసాలతో పోటాపోటీగా తలపడతాయి. నెగ్గినవి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి, వాటి మెదడు చిన్నదవుతుంది. వాటిని తిరిగి పని చీమలుగా మారిస్తే మెదడు మళ్లీ పెరుగుతుందని 2021లో తేలింది. 2017లో ఈ చీమలోనూ, ఊసెరియా బైరోయి అనే మరో చీమలోనూ ఓర్కో అనే ఒకే ఒక్క జన్యువును పనిచేయకుండా చేశారు. దాంతో వాటికి చాలా వాసనలు అందలేదు. గుంపుతో కలిసి ఉండాల్సినవి గుంపు వదిలేసి తిరిగాయి.

ఇలాంటి ల్యాబుల్లో చీమలు ఉండేది అడుగున ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసిన మామూలు ప్లాస్టిక్ డబ్బాల్లో. కొనే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. కింద నాలుగు రకాల పెట్టెలకీ మూడు విషయాలు చూసి మార్కులు వేశాం. రాణి అందులో ఏడాది దాటి బతుకుతుందా, పిల్లల పెంపకం కంటికి కనిపిస్తుందా, గూటిని చెడగొట్టకుండా తిండి పెట్టడం, శుభ్రం చేయడం కుదురుతుందా.

జెల్ డబ్బా: 10కి 2

దీని కథ అంతరిక్షంలో మొదలైంది. 2003 జనవరిలో కల్పనా చావ్లా వెళ్లిన కొలంబియా నౌకలో అమెరికాలోని సిరక్యూస్ హైస్కూల్ పిల్లల చీమల ప్రయోగం ఒకటి ఉంది. చీమలకి తిండీ నీరూ తవ్వుకునే నేలా అన్నీ ఒకే పదార్థంలో ఉండాలని జెల్ వాడారు. ఆ యాత్ర 16 రోజులు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ నౌక కూలిపోయింది. 16 రోజుల అవసరానికి సరిపోయిన ఆలోచనను ఇంట్లో శాశ్వతమైన గూడుగా అమ్మడం దగ్గరే చిక్కంతా వచ్చింది.

జెల్‌లో చక్కెర లాంటి పోషకాలుంటాయి కాబట్టి పెద్ద చీమలు కొన్నాళ్లు లాక్కొస్తాయి. గుడ్డులోంచి వచ్చే పిల్ల పురుగులకి, అంటే లార్వాలకి, కావాల్సింది మాంసకృత్తులు. అవి లేకపోతే రాణిని పెట్టినా గుడ్లు లార్వాల దశ దాటవు, చాలాసార్లు ఆకలికి పని చీమలే వాటిని తినేస్తాయి. ఇక తేమ సంగతి. మామూలు గూట్లో ఒక మూల తడిగా, ఒక మూల పొడిగా ఉంటుంది. జెల్‌లో అన్ని మూలలూ ఒకేలా చెమ్మగా ఉంటాయి. మూత లోపలివైపు నీటి బొట్లు కట్టి చిన్న చీమలు వాటికే అంటుకుని చచ్చిపోతాయి. మన వానాకాలంలో రెండు మూడు వారాలకే చచ్చిన చీమల చుట్టూ తెల్లటి బూజు లేస్తుంది. దాన్ని తీయాలంటే సొరంగాలు పగలగొట్టాల్సిందే.

ఇంకో పొరపాటు కొన్నవాళ్లు చేసేది. ఇక్కడ అమ్మే కిట్లతో సాధారణంగా చీమలు రావు. వాకిట్లో రెండు మూడు చోట్ల నుంచి ఓ పాతిక చీమల్ని ఏరి డబ్బాలో వేస్తారు. తెల్లారేసరికి కాళ్లు తెగి, నడుములు విరిగి సగం పడి ఉంటాయి. ఒక్కో గూటికి ఒంటి మీద మైనపు పొర వాసన ఒక్కో రకంగా ఉంటుంది. ఒకే జాతైనా పక్క పుట్ట చీమ వాటికి శత్రువే. ఆ డబ్బాలో పిల్లలు చూసేది యుద్ధం. దాన్ని జబ్బనుకుని డబ్బాను తిరిగి పంపేవాళ్లూ ఉన్నారు.

ఇసుక పలక: 10కి 4

రెండు పారదర్శక పలకల మధ్య ఇసుక పోసిన ఈ నమూనాను 1956లో మిల్టన్ లెవిన్ అమెరికాలో ఇంటింటికీ చేర్చాడు. అక్కడ రాణి చీమల్ని రాష్ట్రం దాటించాలంటే వ్యవసాయ శాఖ అనుమతి కావాలి. అందుకే కిట్‌తో పోస్టులో వచ్చేవి పని చీమలే. ఇక్కడ రాణిని మనమే పెట్టుకోవచ్చు కనుక కొంత నయం.

సొరంగాలు ఎలా తవ్వుతాయి, తవ్విన మట్టిని ఎక్కడ పోస్తాయి అన్నదే మీ ప్రాజెక్టు అయితే ఇది కొనండి. ఒట్టి ఇసుక పోస్తే మాత్రం ఆరగానే సొరంగాలు కూలి రాణి మీద పడతాయి. జల్లించిన ఇసుక మూడు పాళ్లు, ఒండ్రు మట్టి ఒక పాలు కలిపి, పిడికిట్లో నొక్కితే ముద్దకట్టేంత తడి చేసి నింపాలి. పలకల మధ్య సందు చీమ పొడవుకి కాస్త అటూ ఇటూగా ఉండాలి. ఎక్కువైతే గదులన్నీ మట్టి నడుమ కట్టేసుకుంటాయి, అద్దంలోంచి మట్టి తప్ప ఏమీ కనిపించదు. నింపాక పెట్టెను కదిలించకూడదు. స్టాల్ నుంచి స్టాల్‌కి మోసుకెళ్లే ఎగ్జిబిషన్‌కి ఇది పనికిరాదు.

అక్రిలిక్ గూడు: 10కి 6

లేజర్‌తో కోసిన గదులు, మెట్లు, పక్కన చీమలు బయట తిరగడానికి ఆవరణ, తేమకి స్పాంజి అర, చూపులకి ముచ్చటగా ఉంటుంది. జాగ్రత్తగా ఎంచుకుంటే పనికొస్తుంది కూడా. ఎంచుకోవడంలోనే చాలామంది దెబ్బతింటున్నారు.

మొదటి తప్పు సైజు. పది చీమలున్న గూటికి రెండొందల చీమలు పట్టే ఇల్లు కొంటారు. ఖాళీ గదుల్ని చీమలు చెత్తకుప్పగా వాడుకుంటాయి. తిన్న ఈగ తలలు, రెక్కలు, చచ్చిన చీమలు అన్నీ అక్కడే పోస్తాయి. అక్కడికి మన చేయి వెళ్లదు, బూజు అక్కడే మొదలవుతుంది. ఉన్న చీమలతో గూడు కనీసం మూడో వంతు నిండేట్టుగా కొనాలి. ఇప్పటికే పెద్దది కొనేసి ఉంటే లోపలి దారుల్ని దూదితో మూసేసి ఒక గదే వదలండి.

రెండోది జాలీ. గాలి కన్నాలకి వేసిన జాలీ సందు మీ చీమ తల కంటే చిన్నదిగా ఉండాలి. గండుచీమకి ఏదైనా సరిపోతుంది. పంచదార డబ్బాలో దూరే బుల్లి చీమలకి 100 మెష్ స్టీల్ జాలీ కావాలి, దాని సందు సుమారు 0.15 మి.మీ. అమ్మకానికి పెట్టినచోట ‘సన్నటి జాలీ’ అని రాసి ఊరుకుంటారు, ఎన్ని మెష్ అన్నది అడిగి తెలుసుకోవాలి.

మూడోది గొట్టం. చాలా గూళ్లతో అక్వేరియం గాలి గొట్టం ఇస్తారు. దాని లోపలి వెడల్పు 4 మి.మీ. గండుచీమల్లో పెద్ద తల ఉన్నవి అందులో ఇరుక్కుంటాయి, వెనకాల వచ్చేవి ఆగిపోతాయి. వాటికి 8 నుంచి 10 మి.మీ. గొట్టం అడగండి. నాలుగోది జిగురు. అతికించిన అక్రిలిక్‌కి ఘాటు వాసన వస్తుంటే చీమల్ని పెట్టొద్దు. కడిగి, మూత తీసి, వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఉంచాలి.

అక్రిలిక్ నీళ్లు పీల్చదు, గాలి ఆడనివ్వదు. లోపలి తడి పగలు వేడికి ఆవిరై, రాత్రి చల్లబడగానే గోడలకి బొట్లు కడుతుంది. ఫోటో తీయబోతే మసక. గదుల నేల మీద పలచటి ప్లాస్టర్ పొర పోసి అమ్మే రకం దొరికితే అదే తీసుకోండి.

టెస్ట్ ట్యూబు, దానికి తోడు ప్లాస్టర్ గూడు: 10కి 9

ఇది దుకాణంలో ఒకే పెట్టెగా దొరకదు. ల్యాబ్ సామాన్ల దుకాణంలో గాజు ట్యూబులు, మందుల షాపులో సర్జికల్ దూది, హార్డ్‌వేర్ షాపులో పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కొనుక్కోవాలి. అన్నీ కలిపినా మంచి అక్రిలిక్ గూటి ధరలో చిన్న భాగమే అవుతుంది. ఒక్క మార్కు తగ్గించింది మన చేతిపని మీద ఆధారపడుతుందని.

రాణిని మొదట పెట్టాల్సింది ట్యూబులోనే. చిన్న జాతులకి 16 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. పొడవు సరిపోతుంది. గండుచీమ రాణి ఒకటిన్నర సెంటీమీటర్లు దాటుతుంది, దానికి 20 లేదా 25 మి.మీ. వెడల్పుది తీసుకోండి. కాచి చల్లార్చిన నీళ్లు మూడో వంతు పోసి, దూది ఉండను పుల్లతో నెమ్మదిగా తోయాలి. దూది నీటిని తాకి తడవాలి, దూదికీ నీటికీ మధ్య గాలి బుడగ మిగలకూడదు. బుడగ ఉంటే మధ్యాహ్నం వేడికి ఉబ్బి నీటిని ముందుకి నెడుతుంది, రాణి ఉన్న గది మునుగుతుంది. ట్యూబుల్లో రాణులు మునిగి చచ్చిపోవడానికి ప్రధాన కారణం ఇదే. తర్వాత ఆరేడు సెంటీమీటర్ల ఖాళీ వదిలి, రాణిని లోపలికి పంపి, మూతి దగ్గర పొడి దూది వదులుగా పెట్టాలి.

దూది విషయంలో ఒక మాట. ఇంట్లో దిండ్లలో ఉండే బూరుగు దూది నీళ్లు పీల్చదు. దాన్ని వాడితే అటు తడి రాదు, ఇటు నీళ్లు పక్కల నుంచి కారిపోతాయి. మందుల షాపులో దొరికే పీల్చే దూదే వాడాలి. కొన్ని వారాలకి తడి దూది పసుపు రంగుకి తిరిగితే కంగారు పడక్కర్లేదు. నల్లబడి వాసన వస్తే మాత్రం కొత్త ట్యూబును మూతి మూతి కలిపి పెట్టి, పాతదాని మీద వెలుగు పడనివ్వండి. చీమలే సామాను సర్దుకుని చీకటి ట్యూబులోకి మారతాయి. చిమటాతో పట్టి మార్చబోతే గుడ్లు నలుగుతాయి.

రాణి ఎక్కడ దొరుకుతుంది? తొలకరి వానలు పడ్డ సాయంత్రాల్లో, వీధి దీపాల కింద. ఉసిళ్లని చూసి చీమ రాణులనుకునేవాళ్లు చాలామంది. ఉసిళ్లు చెదపురుగులు. వాటి నాలుగు రెక్కలూ ఒకే పొడవుంటాయి, నడుము దగ్గర నొక్కు ఉండదు, మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి. రెక్కల చీమకి ముందు రెక్కలు పెద్దవి, నడుము దారమంత సన్నం, మీసాలు మోచేతిలా వంగి ఉంటాయి. రెక్కలు రాల్చుకుని నేల మీద గబగబా పరిగెడుతున్న రాణినే పట్టుకోండి, దాదాపుగా అది జతకట్టినదై ఉంటుంది. ఇంకా రెక్కలతోనే ఉన్నదాన్ని నమ్మలేం. పుట్టను తవ్వి రాణిని తీయొద్దు. గూడు మొత్తం పాడవుతుంది, రాణి దొరకడమూ కష్టమే.

గండుచీమ రాణికి మొదటి కూతుళ్లు వచ్చేదాకా తిండి అక్కర్లేదు. రెక్కల్ని కదిలించిన కండరాలు కరిగి అవే పిల్లలకి తిండిగా మారతాయి. ట్యూబుకి ఎర్ర సెల్లోఫేన్ చుట్టి, అలమరలో పెట్టి, వారానికోసారి ఒక్క నిమిషం చూడండి. చీమలకి ఎరుపు చాలా తక్కువగా తెలుస్తుంది. రోజూ తీసి చూస్తే రాణి బెదిరి తన గుడ్లు తానే తింటుంది. గుడ్డు నుంచి మొదటి పని చీమ రావడానికి నెలన్నర, రెండు నెలలు పట్టొచ్చు. మధ్యలో బియ్యపు గింజల్లాంటి లేత గోధుమరంగు కాయలు కనిపిస్తాయి. అందరూ వాటినే చీమగుడ్లు అంటారు. నిజానికి అవి లార్వాలు తమ చుట్టూ అల్లుకున్న పట్టుగూళ్లు. అసలు గుడ్డు మిల్లీమీటరు పైన ఉంటుంది, అంతే. తెల్లగా, కొద్దిగా కోలగా, పది పన్నెండు కలిసి ఒకే ముద్దగా అంటుకుని ఉంటాయి.

ప్లాస్టర్ గూడు

పాతిక ముప్పై చీమలయ్యాక ప్లాస్టర్ గూడు అవసరమవుతుంది. కృత్రిమ చీమగూళ్లకి ఆద్యుడిగా చెప్పుకునే ఫ్రెంచ్ ఇంజనీరు చార్లెస్ జానెట్ తన గూళ్లని 1900 పారిస్ ప్రదర్శనలో చూపించాడు. ఒక చివర నీటి గుంట, అక్కణ్నుంచి వరసగా గదులు ఉండే ప్లాస్టర్ దిమ్మ ఆయనదే. ఇప్పటికీ అంతకంటే మెరుగైనది రాలేదని మా అభిప్రాయం.

15×10 సెం.మీ. డబ్బాలో ఒకటిన్నర సెంటీమీటర్ల మందం రావాలంటే 250 గ్రాముల పీవోపీకి 150 మి.లీ. నీళ్లు. పొడిని నీళ్లలో చల్లాలి. నీళ్లని పొడిలో పోస్తే ఉండలు కడుతుంది. కలిపి పోశాక డబ్బాను నేలకేసి పది పదిహేనుసార్లు తట్టండి, గాలి బుడగలు పైకి వచ్చేస్తాయి. గట్టి పెరుగులా అయ్యేదాకా ఆగి చెంచా కాడతో బొటనవేలంత గదులు మూడు, వాటిని కలుపుతూ దారులు, చివర విడిగా ఒక నీటి గుంట తీయాలి. నీటి గుంటకీ మొదటి గదికీ మధ్య ఒకటిన్నర సెంటీమీటర్ల గోడ ఉండాలి, దారి ఉండకూడదు. గండుచీమకి గది లోతు 10 నుంచి 12 మి.మీ., చిన్న చీమలకి 3, 4 మి.మీ. చాలు. తర్వాత నీడలో నాలుగు రోజులు ఆరబెట్టాలి. చెంపకి ఆనిస్తే చల్లగా తగులుతోందంటే ఇంకా ఆరలేదని అర్థం. పైన అద్దం, అద్దం మీద ఎర్ర సెల్లోఫేన్ కాగితం. మూడు నాలుగు రోజులకోసారి గుంటలో 5 మి.లీ. నీళ్లు.

ఇదంతా ఎందుకంటే, ఈ గూట్లో తడి ఒక చివర నుంచి రెండో చివరకి మెల్లగా తగ్గుతుంది. రెండు రోజుల తర్వాత అద్దంలోంచి చూడండి. గుడ్లు, చిన్న లార్వాలు నీటి గుంట పక్క గదిలో ఉంటాయి, పట్టుగూళ్లు పొడి చివర ఉంటాయి. నీళ్లు పోయడం మర్చిపోతే పిల్లలందర్నీ గోడ పక్కకి జరుపుతాయి. ఎక్కువ పోస్తే దూరంగా మోసుకుపోతాయి. గూడు సరిగ్గా ఉందో లేదో చీమలే అలా చూపిస్తాయి. జెల్ డబ్బా ఎన్నటికీ చూపించలేనిది ఇదే.

దీనికీ లోపాలున్నాయి. నిప్పు చీమల్లాంటి తవ్వుడు జాతులు మెత్తటి ప్లాస్టర్‌ను తొలిచేస్తాయి. ఏడాదిలో గోడలు మచ్చలు పడతాయి. బరువెక్కువ, కింద పడితే పగులుతుంది.

పారిపోకుండా, చావకుండా

చీమలు తిరిగే ఆవరణకి మూత అక్కర్లేదు, గోడ పై అంచున అడ్డుగీత చాలు. ల్యాబుల్లో ఫ్లువాన్ అనే జారుడు పూత రాస్తారు, ఖరీదెక్కువ. టాల్కం పౌడర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పలచటి పాలలా కలిపి, దూదితో నాలుగైదు సెంటీమీటర్ల పట్టీగా రాసి ఆరనిస్తే అదే పని చేస్తుంది. వానాకాలంలో చెమ్మకి పొడి గడ్డకట్టి చీమకి కాలు నిలదొక్కుకునే చోటు దొరుకుతుంది కాబట్టి రెండు వారాలకోసారి తుడిచి మళ్లీ రాయాలి. వ్యాజలిన్ ఏప్రిల్, మే ఎండలకి కరిగి కారుతుంది. కొబ్బరినూనె రాయడం చాలామంది చెప్పే చిట్కా, దాన్ని పాటించొద్దు. చీమలు అందులో పడి చస్తాయి.

ఆ గదిలో దోమల కాయిల్, ప్లగ్‌లో పెట్టే దోమల మందు, చీమల సుద్దముక్క వాడకూడదు. వీటిలో ఉండేవి సాధారణంగా పైరిథ్రాయిడ్ రకం పురుగుమందులు. మనకి ఏమీ అనిపించదు కానీ చీమలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటాయి. కారణం తెలియక తిండినో నీళ్లనో అనుమానిస్తారు. గండుచీమలకి కొండి లేదు, అవి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. బెదిరిన చీమల్ని గాలి ఆడని ట్యూబులో బిగించి బస్సులో తీసుకెళ్తే తమ ఆమ్లానికే తాము చస్తాయి. ప్రయాణంలో మూతికి దూదే ఉండాలి, రబ్బరు బిరడా కాదు. ట్యూబును ఎండలో కొద్ది నిమిషాలు వదిలినా లోపల ఉడికినట్టే.

తిండి తేలికే. తేనె నీళ్లు ఒక చుక్క, వారానికి రెండుసార్లు అప్పుడే చంపిన దోమో బొద్దింక కాలో. మందు కొట్టి చంపిన పురుగు ఎప్పుడూ పెట్టొద్దు. ఎక్కువ గూళ్లుంటే 1970లో భట్కర్, విట్‌కంబ్ అనే పరిశోధకులు ఇచ్చిన ఆహారం తయారు చేసుకోవచ్చు. 5 గ్రాముల అగార్‌ను (సముద్రపు నాచు నుంచి తీసే, గడ్డకట్టించే పొడి) 250 మి.లీ. మరిగే నీటిలో కరిగించి చల్లారనివ్వాలి. వేరే 250 మి.లీ. నీటిలో ఒక కోడిగుడ్డు, 62 మి.లీ. తేనె, ఒక్కో గ్రాము చొప్పున విటమిన్లు, ఖనిజ లవణాలు బాగా గిలకొట్టి, అగార్‌ను తిప్పుతూ కలపాలి. పళ్లేల్లో అర సెంటీమీటరు మందాన పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. అగార్ బాగా వేడిగా ఉండగా కలిపితే గుడ్డు ఉడికి గడ్డలవుతుంది. ఇదొక్కటే పెట్టి ఊరుకోకుండా పురుగులు కూడా ఇవ్వాలి.

ఈ గూటితో చేయగలిగే పనులు

కడుపు నిండిన గండుచీమను చూడండి. పొట్ట మీది నల్ల పలకలు విడిపోయి మధ్యలో లేత రంగు చారలు తేలతాయి. ఆ నిండుతనం దాని సొంత తిండి కాదు, పంచడానికి దాచుకున్నది. తిరిగొచ్చాక మూతికి మూతి ఆనించి మిగతావాటికి పోస్తుంది. తినడానికి వెళ్లొచ్చింది ఎందరు, గంట తర్వాత చారలు తేలినవి ఎందరు అని లెక్కపెడితే పంపకం ఎంత వేగంగా జరిగిందో తెలుస్తుంది. ఇళ్లలో తిరిగే తెల్లపొట్ట బుల్లి చీమ, టాపినోమా మెలనోసెఫాలమ్ అయితే ఇంకా బాగుంటుంది. రంగు కలిపిన చక్కెర నీళ్లు తాగితే పొట్ట అదే రంగుకి మారుతుంది.

1989లో బ్రసెల్స్ బృందం అర్జెంటీనా చీమలతో చేసిన రెండు దారుల వంతెన ప్రయోగాన్ని అట్టముక్కతో చేయొచ్చు. ఒక దారి 15 సెం.మీ., రెండోది 30. చీమలకి రెండు రోజులు నీళ్లు మాత్రమే ఇచ్చి, వంతెన అవతల చక్కెర నీళ్లు పెట్టి, మూడు నిమిషాలకోసారి ఒక్కో దారిలో ఎన్నున్నాయో అరగంట పాటు లెక్కించాలి. పొట్టి దారిలో వెళ్లినవి త్వరగా తిరిగొస్తాయి కాబట్టి దాని మీద వాసన గీత ముందు చిక్కబడుతుంది. ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. వాడిన అట్టనే మళ్లీ వాడితే పాత వాసన ఉంటుంది, ప్రతిసారీ కొత్తది కోయాలి. రెండు దారులూ ఒకేసారి తెరవాలి. పొడవు దారి ముందు పెట్టి పొట్టిది తర్వాత చేరిస్తే చీమలు పొడవు దారినే పట్టుకుని ఉండిపోతాయి.

రాణి దొరకలేదా? డయకమ్మా ఇండికం వెతకండి. ఆ జాతిలో రాణే ఉండదు. జతకట్టిన ఒక పని చీమ గుడ్లు పెడుతుంది. గూడు మారేటప్పుడు దారి తెలిసిన చీమ ఒక్కో చీమనూ వెంటబెట్టుకుని తీసుకెళ్తుంది, వెనకది మీసాలతో ముందుదాని పొట్ట చివర తడుతూ నడుస్తుంది. కోల్‌కతాలోని విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లో ఈ చీమ మీద ఏళ్లుగా పని జరుగుతోంది. పాత గూటి ఎర్ర కాగితం తీసేసి, అర మీటరు దూరంలో చీకటి గూడు పెట్టి, ఎవరు ఎందర్ని తీసుకెళ్లారో లెక్కపెట్టొచ్చు. అందుకు వీపు మీద రంగు చుక్కలు పెట్టాలి. మంచు మీద నాలుగైదు నిమిషాలు చల్లబరిచి సన్నటి పెయింట్ పెన్నుతో పెట్టండి. చుక్క మీసాలకి, నడుముకి అంటకూడదు.

రాణుల్ని అమ్మేవాళ్లు

ఆన్‌లైన్‌లో రాణి చీమల్ని అమ్ముతున్నవాళ్లున్నారు. ‘జతకట్టిన రాణి’ అన్న మాట నమ్మొద్దు. ట్యూబులో లార్వాలు లేదా పట్టుగూళ్లు ఉన్న ఫోటో అడగండి. జతకట్టని రాణి గుడ్లు పెట్టినా వాటిలోంచి మగవే వస్తాయి. విదేశీ జాతి అయితే అసలు కొనొద్దు. బతికిన పురుగుల్ని దేశంలోకి తేవాలంటే 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి కావాలి. 2025లో కెన్యాలో ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు దాదాపు 5,000 రాణి చీమల్ని దూది పెట్టిన ట్యూబుల్లో దాచి దొరికిపోయారు. ఒక్కొక్కరికి పది లక్షల షిల్లింగుల జరిమానా పడింది. తప్పించుకున్న పరాయి చీమ ఇక్కడి పొలాలకి, ఇక్కడి చీమలకి చేసే నష్టానికి జరిమానాతో పూడ్చుకునే దారి లేదు.

స్థానిక రాణి అయినా చాలా ఏళ్ల బాధ్యతే. ఐరోపా నల్ల తోట చీమ రాణి ఒకటి మనుషుల పెంపకంలో 28 ఏళ్లు దాటి బతికింది. ఎగ్జిబిషన్ అయ్యాక ఏం చేస్తారన్నది ముందే అనుకోండి. ఆ ఊళ్లోనే పట్టిన చీమ అయితే పట్టిన చోటే, వాన పడ్డ సాయంత్రం, నీడలో వదలొచ్చు.

ట్యూబులు, దూది మే నెలాఖరుకే సిద్ధం చేసుకోండి. వరసగా నాలుగైదు ట్యూబులు నింపి ఒక వారం రాణి లేకుండా ఉంచితే నీళ్లు కారేవి ఏవో ముందే తేలిపోతాయి. జూన్‌లో మొదటి వాన పడ్డ రాత్రి వెతుక్కునే తీరిక ఉండదు.